పారణ లేని ఉపవాసం

మొన్న సెలవులకు చెన్నపట్నం నుంచి వచ్చిన మా మనవడు, అక్కడ వైద్యం చదువుతున్నాడు లెండి, భోజనమయ్యాక ఒక ఇంగ్లీషు పుస్తకం విప్పి, అన్నం మానేసే ఆడపిల్లల జబ్బుకు దొరలు పేరు పెట్టారని, అది కడుపులో కాక మనసులో పుడుతుందని, జ్వరం, దగ్గు, కడుపునొప్పి వంటివేవీ లేవని తేల్చుకున్నాకే ఆ పేరు పలకాలని, అటువంటి పిల్ల చిక్కి శల్యమవుతున్నా తనకేమీ లేదంటూ ఇల్లంతా తిరుగుతుందని చదివి చెప్పాడు. వింటూంటే మా అక్క కళ్లముందు నిలిచింది.

మాది కడియం. అప్పటికి అక్కకు పెళ్లయింది, ఇంకా కాపురానికి వెళ్లలేదు. ఎందుకు మొదలైందో ఆనాడూ తెలియలేదు, ఈనాడూ తెలియదు గాని, ముందు ఏకాదశి, తరువాత సోమవారం, ఆపైన శనివారం, ఇలా ఉపవాసాలు పెంచుకుంటూ పోయింది. తినవలసిన రోజుల్లోనూ అన్నం కలిపి విస్తరి అంచులకు నెట్టి, ఎవరూ చూడకుండా దూడకు పెట్టేసేది. గాజులు మోచేతి దాకా జారుతున్నా బిందెలకొద్దీ నీళ్లు తోడేది. మన ఈడు వాళ్లకు చెప్పాలా, పేరంటానికి వచ్చినవాళ్లు ఇంతటి భక్తి ఎక్కడా చూడలేదని పొగిడి వెళ్లేవారు, అమ్మ పొంగిపోయేది. నెలనెలా బయట చేరడం కూడా ఆగిపోయాక మాత్రం అమ్మకు భయం పట్టుకుంది. వైద్యుడు నాడి చూసి, రోగమేమీ కనబడటం లేదని ఆకలి పుట్టే కషాయం ఇచ్చి వెళ్లాడు. ఆ కషాయమూ దూడకే చేరి ఉంటుంది.

అప్పుడు ఆత్రేయపురం నుంచి మా అమ్మమ్మ వచ్చింది. ద్వాదశి ఉదయం, ముందునాడు ఉపవాసమున్నవాళ్లంతా పారణ చేసి అన్నం తినడానికి కూర్చుంటే, అక్క మాత్రం పెరట్లో ముగ్గు వేస్తూ ఉండిపోయింది. అమ్మమ్మ కాసేపు చూసి అమ్మను పిలిచింది.

“ఉపవాసమన్నాక మర్నాడు పారణ ఉంటుందే అమ్మాయీ. దీనికి పారణేదీ? మీరిలా భక్తి భక్తి అని మురిసిపోతుంటే పిల్ల దక్కదే.”

ఆ సాయంత్రమే అక్కను పడవెక్కించి తన ఊరికి తీసుకుపోయింది. అక్కడ బతిమాలలేదట, తిట్టలేదట. పూటపూటకూ ఎదురుగా విస్తరి వేసుకుని కూర్చుని, అక్క ఒక ముద్ద తింటే తానూ ఒక ముద్ద తిని, అక్క చెయ్యి ఆపితే తానూ ఆపేదట. ముసలమ్మ పస్తుండటం చూడలేక అక్క మెల్లగా దారికొచ్చిందట. మరుసటి ఏడు మళ్లీ బుగ్గలతో తిరిగివచ్చిన అక్కను చూసి నేను ఏడ్చేశాను.

జబ్బు పూర్తిగా పోయిందనను. కాపురానికి వెళ్లాక కూడా ఒంటరిగా కూర్చుంటే ముద్ద దిగేది కాదు. అందుకని మా బావగారు తన భోజనం కాగానే వంటింటి గడప మీద చేరి, తాంబూలం నములుతూ, అక్క విస్తరి ఎత్తేదాకా అక్కడే కూర్చునేవారు. పెళ్లాం కొంగు పట్టుకు తిరుగుతాడని ఊళ్లో వేళాకోళం చేసేవారు, ఆయన నవ్వి ఊరుకునేవారు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

కచేరీ ఉద్యోగాలకూ బడులకూ గంటలు కొట్టే కాలం వచ్చాక మగవాళ్లు గబగబా నాలుగు మెతుకులు తిని పోతున్నారు, ఇంటి ఆడది ఎప్పుడు తిన్నదో, అసలు తిన్నదో లేదో చూసే తీరిక ఎవరికీ లేదు. మా మనవడు కూడా ఆ జబ్బు లక్షణాలన్నీ తడుముకోకుండా అప్పజెప్పి, పుస్తకం పొట్ట మీద పెట్టుకుని నిద్రపోయాడు. లోపల వాడి భార్య ఒక్కతే విస్తరి వేసుకుంటున్న అలికిడయింది. నేను లేచి వెళ్లి వంటింటి గడప మీద కూర్చున్నాను.