ఇద్దరు చూసిన ఒకే ఖాళీ

"అంబలి సల్లారిపోయిందే" అన్నాడు మా బావ. "సల్లగానే తాగు, నీకెప్పుడూ తొందరే" అన్నాను నేను. ఆయన పోయేముందు మేమిద్దరం ఆఖరున మాట్లాడుకున్న మాటలవే. అంతకంటే మంచి మాట ఏదైనా అని ఉండాల్సిందని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాను. బావ అంటే నా మేనమామ కొడుకు, నా మొగుడు. ఈ పొద్దున మా తమ్ముడి కూతురు కంప్యూటరు ముందు కూర్చుని, నేను చూస్తుంటే బాగానే పనిచేస్తోందత్తా, చూపు తిప్పితే తప్పుతోంది అని విసుక్కుంటే, ఇరవయ్యేళ్ల కిందట ఆయన నోట విన్న మాటే కదా ఇది అని, ఆ కథంతా రాసిపెట్టమన్నాను. నాకు సంతకం తప్ప రాత రాదు కనుక నేను చెబుతున్నాను, అది రాస్తోంది. నా ఈడు వాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ.

బావ గిరిజన హాస్టల్లో చదివి విశాఖపట్నంలో కంప్యూటరు కంపెనీలో కుదిరాడు. కంప్యూటరు లోపల అన్ని పనులనూ నడిపించే పెద్ద ఒకటుంటుందట, దాన్ని కెర్నెల్ అంటారు. ఏ పని ఎప్పుడు జరిగిందో అది వరుసగా రాసుకోవడాన్ని ట్రేసింగ్ అంటారు. ఆ రాతలో ఒక వరుసకు తల ఒక పనిదీ తోక మరో పనిదీ ఉండటం బావ రెండుసార్లు చూశాడు. ఎక్కడ తప్పుతోందో పట్టుకుందామని లోపల కాపలా పెడితే, తప్పు రావడమే మానేసింది. చూపించలేని తప్పు చెప్పి అందరి పనీ ఆపుతున్నావు, వారంలో చూపించు, లేదంటే వేరే ఉద్యోగం చూసుకో అన్నారు పైవాళ్లు. కొండమీది వాడికేం తెలుసని కూడా ఒకాయన అన్నాడట, అదే బావను ఎక్కువ కోసింది.

ఆ ఆదివారం ఇంటికొచ్చి, నేను కాఫీ పళ్లు తిరగేస్తుంటే కళ్లం గట్టు మీద కూర్చుని ఇదంతా చెప్పుకొచ్చాడు. వింటుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అప్పట్లో గూడేనికంతా ఒకటే కళ్లం, ఎవరి పళ్లు వాళ్లు విడిగా ఎండబెట్టుకునేవాళ్లం. ఖాళీ ఎక్కడుందో వచ్చి చూసుకుని, వెళ్లి బుట్ట తెచ్చి పోసుకోవడం మా అలవాటు. ఇద్దరు ఒకే ఖాళీ చూసుకుని పోయేవాళ్లు, తలమీద బరువుతో కిందికి చూడకుండా ఇద్దరూ అక్కడే కుమ్మరించేవాళ్లు, పళ్లు కలిసిపోయి జుట్లు పట్టుకునేవాళ్లు. గూడెం పెద్ద వచ్చి నిలబడితే మాత్రం ఒకరి వెనక ఒకరం బుద్ధిగా వచ్చేవాళ్లం, ఒక్క పండు కలిసేది కాదు. మీరు ఉత్తినే పోట్లాడతారనేవాడాయన. ఒకరోజు అమ్మమ్మ ఆయన్ని పొద చాటున నిలబెట్టి, ఖాళీ చూసొచ్చిన నన్ను ఊట దగ్గర కాసేపు ఆపింది. నేను బుట్టతో వెళ్లేలోగా పక్కింటి పిన్ని అక్కడే పోసేసింది, నేనూ తెచ్చి దానిమీదే పోశాను. ఉత్తి పోట్లాట కాదని పెద్ద అప్పుడు ఒప్పుకున్నాడు.

"కాపలా పెడితే తప్పు ఎలాగొత్తాది బావా" అన్నాను. "ఆ కాపలా తీసీ. ఖాళీ సూసినోడ్ని పొయ్యకముందు కాసేపు ఆపు, ఆలోగా రెండోవోడు వచ్చేత్తాడు."

బావ గట్టు మీంచి లేచి చెప్పులేసుకున్నాడు. "నువ్వు కాలేజీకి రాలేదు గనక నేను పాసయ్యాను గుంటా" అని, అన్నమైనా తినకుండా బస్సెక్కేశాడు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల, నన్నెప్పుడూ అలాగే పిలిచేవాడు.

అయిదో రోజున సంతలో కొట్టాయనకు ఫోను చేసి నన్ను పిలిపించాడు. "పట్టీసేను గుంటా. పదిసార్లు ఆపేను, పదిసార్లూ ఒకదాని మీదొకటి పడ్డాయి" అని అరుస్తున్నాడు. మైదానం నుంచి వచ్చిన ఆ కొట్టాయన, ఎవర్ని పట్టారమ్మా, దొంగనా అన్నాడు. దొంగకంటే పెద్దదే అన్నాను. కొట్టు ముందున్న వాళ్లందరికీ బెల్లం ముక్కలు పంచాను.

బాగుచేయడమూ మా కళ్లం పద్ధతే. ఖాళీ చూడటానికి వెళ్లేవాళ్లు గుర్తు పెట్టడానికి గుప్పిట్లో రాయితో వెళ్లాలని, చూడటమూ రాయి పెట్టడమూ ఒకే ఊపులో జరగాలని అమ్మమ్మ ఆనాడే కట్టడి చేసింది. బావ కంప్యూటరులోనూ అదే చేశాడు, ఖాళీ చూడటమూ అది నాదనడమూ ఒకే ఊపులో. కొండమీది వాడన్న ఆయనే కుర్చీలోంచి లేచి చేయి కలిపాడట, ఈ ఉపాయం ఎక్కడిదని అడిగితే మా ఆవిడదని చెప్పాడట.

ఇప్పుడు ఇంటింటికీ టార్పాలిన్లు వచ్చాయి, ఎవరి పళ్లు వాళ్ల వాకిట్లోనే. కలిసిపోవడమూ లేదు, కొట్లాటా లేదు. పొద్దున కొట్లాడుకున్నవాళ్లు సాయంత్రం కూర ఇచ్చిపుచ్చుకోవడమూ లేదు. కళ్లం మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. మేము గెలిచిన సంగతి ఎరిగినవాళ్లు గూడెంలో నలుగురైనా మిగిలారో లేదో. ఏమే, అంతా రాశావా, నీ సొంతం ఏమీ కలపలేదు కదా? ఏదీ, మొదట్నుంచి చదువు. మీ మావయ్య గెలిచిన చోట మాత్రం కొంచెం గట్టిగా.