అన్నయ్య కారు ఎందుకు మరిగింది

అన్నయ్య పోయాక ఆ కారు పేరెత్తితే వదినకి ఒళ్లు మండేది. గరాజ్ తలుపు తియ్యనిచ్చేది కాదు. ఆయన్ని మింగింది ఆ కారేనని నాతో పదేపదే అనేది, నేనేదో దాని తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు. నిజం చెప్పాలంటే పుచ్చుకున్నాను కూడా.

జరిగింది ఇది. దసరా వెళ్లిన కొన్ని వారాలకి అన్నయ్య బ్రిస్బేన్ నుంచి ఒక్కడే కారులో తిరిగి వస్తున్నాడు. ఆస్ట్రేలియాలో మా టూవూంబా కొండమీద ఊరు. కింది నుంచి రావాలంటే రేంజ్ అని పిలిచే నిటారు ఘాట్ ఎక్కాలి. ఇప్పుడు సుఖంగా ఎక్కే కొత్త రోడ్డు ఉంది కానీ, అన్నయ్యకి పాతదే ఇష్టం. సగం ఎక్కేసరికి ఇంజన్ మరిగిపోయింది. పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, ఎండలో నిలబడ్డాడు. వెనక వచ్చిన లారీ డ్రైవర్ చూసేటప్పటికి బంపర్ పక్కన పడి ఉన్నాడు. గుండెపోటు.

నేను నర్సుగా చేసే హాస్పిటల్‌కే తీసుకొచ్చారు. నాళాలు ఎప్పటినుంచో పూడుకుపోయి ఉన్నాయని, సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా వచ్చేదేనని డాక్టర్ చెప్పారు. నాకు అర్థమైంది. వదినకి అర్థం కాలేదని అనుకున్నాను. గుండెకీ ఇంజన్‌కీ పోలికలు పెట్టి ఓదార్చబోయిన వాళ్లందరినీ మాత్రం ఇంట్లోంచి గెంటెయ్యాలనిపించింది నాకు.

అన్నయ్య యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవాడు. ఆదివారం వస్తే మాత్రం ఆ బానెట్ కింద తల దూర్చేవాడు. డెబ్బైల నాటి కారది, ఎనిమిది సిలిండర్లు, ఇక్కడివాళ్లు మజిల్ కార్ అని మురిసిపోయే రకం. స్టార్ట్ చేస్తే వదిన వంటింట్లో గరిటెలు మోగేవి. పెళ్లీ గిళ్లీ లేని చెల్లెలిని కాబట్టి ఆదివారాలు నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని, టార్చ్ పట్టుకోవడం నా ఉద్యోగం. టార్చ్ పట్టడంలో నాకు డాక్టరేట్ ఇవ్వొచ్చని ఏడిపించేవాడు. అలా వెలుతురు చూపిస్తూనే విన్నవన్నీ బుర్రలో ఉండిపోయాయి. కారు వేడెక్కితే ఎవరిని పట్టుకోవాలో అతని దగ్గర ఒక వరస ఉండేది. ముందు మీటర్‌నే నమ్మకు. నిలబడి వేడెక్కితే ఫ్యాన్‌ని అనుమానించు. పరుగులో వేడెక్కితే ముందు థర్మోస్టాట్‌ని, తర్వాత రేడియేటర్‌ని.

చలికాలం చివర్లో ఒకరోజు వదిన, పాత కార్లు కొనే రెకర్స్ వాడికి ఫోన్ చేశానని, శనివారం ట్రక్ తెచ్చి కారుని తుక్కుకి లాక్కుపోతాడని చెప్పింది. అన్నయ్య గొంతు నాకు ఇంకా వినిపించే చోటు ఆ గరాజ్ ఒక్కటే. ఆ వారం నాకిమ్మని అడిగాను. అది ఎందుకు మరిగిందో కనిపెడతాను, తప్పు కారుది కాదని తేలితే ఉంచేద్దాం అన్నాను. తేలినంత మాత్రాన ఆయన రారుగా అంది వదిన, కానీ గరాజ్ తాళం చేతిలో పెట్టింది.

అన్నయ్య వరసలోనే వెళ్లాను. దూరం నుంచే వేడి కొలిచే పిస్తోలు లాంటి థర్మామీటర్ అతని టూల్ పెట్టెలో ఉంది. దాంతో ఇంజన్‌ని కొలిస్తే డాష్‌బోర్డ్ మీద సూది చెప్పేది అబద్ధం కాదని తేలింది. డ్రైవ్‌వేలో స్టార్ట్ చేసి ఒక పూటంతా ఆడించాను. సూది మధ్యలో కుదురుగా కూర్చుంది, ఫ్యాన్ నిక్షేపంలా తిరుగుతోంది. అప్పుడు పడమర వైపు పొలాల మధ్య హైవే మీదకి తీసుకెళ్లాను. వేగం పెరిగేకొద్దీ సూది ఎర్రగీత వైపు జరగడం మొదలెట్టింది. ఇంజన్ వేడి కాస్తయినా లాగుతుందని లోపల హీటర్ పూర్తిగా పెట్టేసి, చెమటలు కారుతూ ఇంటికి చేరాను. ఆ ఘాట్ మీద అన్నయ్యా ఇలాగే హీటర్ పెట్టుకుని సూది వంక చూస్తూ వచ్చుంటాడని తట్టి, కారు ఆపాక స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను.

మర్నాడు థర్మోస్టాట్ ఊడదీశాను. ఇంజన్ తగినంత వేడెక్కాక తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదిలే చిన్న తలుపు అది. వేణ్నీళ్లలో వేస్తే పని చేస్తోందో లేదో కళ్లారా చూడొచ్చు. వదిన టీ గిన్నెలో వేసి స్టవ్ మీద పెట్టాను. కారు సామాను పొయ్యి మీదకి ఎక్కించావా, ఆ గిన్నె ఇంక నువ్వే పట్టుకుపో అని చీవాట్లు పెడుతూనే పక్కన నిలబడింది. నీళ్లు కాగగానే అది మెల్లగా నోరు తెరిచింది. తెరుచుకుందిగా, మరింకేంటి అంది. రేడియేటర్ ఒక్కటే మిగిలిందన్నాను.

శుక్రవారం పొద్దున కారు ముందున్న గ్రిల్ విప్పాను.

ఏటా ఆయుధపూజకి వదిన ఆ కారుకి దండ కట్టేది. ఇక్కడ దసరా వసంతంలో వస్తుంది, పెరట్లో తను పెంచిన బంతిపూలు అప్పటికి విచ్చుకుంటాయి. మధ్యమధ్య ఆకులు పెట్టి, మణికట్టంత లావున కట్టి, ఆ లైటు నుంచి ఈ లైటు దాకా గ్రిల్ మీద వేసేది. పూజలో వేసిన దండని మన చేత్తో తెంపకూడదు, దానంతట అదే రాలిపోవాలన్నది వదిన నియమం. అన్నయ్య ఆ దండతోనే యూనివర్సిటీకి వెళ్లేవాడు. ఆ ఏడాది దండ దారిలో ఎక్కడో పడిపోయిందనుకున్నాం.

ఎక్కడా పడలేదు. ఎండి, విరిగి, గాలికి లోపలికి పోయి రేడియేటర్ రేకుల మధ్య దట్టంగా ఇరుక్కుని ఉంది. బంతిరేకులు, ఆకుల నుసి, దారం ముక్కలు, వాటికి పట్టిన పొలాల దుమ్ము. గాలి దూరే సందు సగానికి సగం లేదు. ఊళ్లో తిరిగేటప్పుడు మిగిలిన సందు చాలింది, ఘాట్ మీద చాలలేదు.

కారు తప్పు లేదని తేల్చాలనుకున్నాను, తేల్చాను. నా మొండితనం నెగ్గింది. ఎందుకు వెతికానురా దేవుడా అనిపించింది. ఆ చెత్తంతా బకెట్లోకి తోడి, తోట చెత్త వేసే గ్రీన్ బిన్‌లో గడ్డి కింద దాచాను. మిగిలినది పైపు పెట్టి కడిగేశాను. అప్పుడు వదిన కాఫీ తెచ్చింది.

"ఏం తేలింది?"

"థర్మోస్టాటే వదినా. ఇరుక్కుపోయింది."

గ్లాసు నా చేతికిచ్చింది. డ్రైవ్‌వే తడిలో అక్కడక్కడా నారింజ రంగు రేకులు అంటుకుని ఉన్నాయి. వాటివైపు చూసింది.

"అది నా గిన్నెలో తెరుచుకుందిగా," అంది.

నోటికొచ్చిందల్లా మాట్లాడాను. నాళాల సంగతి, డాక్టర్ మాట, సోఫాలో కూర్చున్నా వచ్చేదన్న మాట. హాస్పిటల్లో రోజూ ఎవరికో ఒకరికి చెప్పే మాటలే. వదిన చెయ్యెత్తి ఆపింది.

"గుండె సంగతి నాకు అప్పుడే అర్థమైందిలే. కారు మరక్కపోతే ఆ టైముకి ఇంటికొచ్చేసేవారు. పక్కన నేనుండేదాన్ని. నా బాధ అదీ."

వంగి ఆ రేకులు ఏరుకుని గుప్పిట్లో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. శనివారం ట్రక్ రాలేదు. తనే ఫోన్ చేసి వద్దని చెప్పిందట. ఆ తర్వాత మా మధ్య కారు ప్రస్తావన రాలేదు. వదిన నాతో ముభావంగా ఉండేది, నేను తప్పించుకు తిరిగేదాన్ని. పెరట్లో బంతిమొక్కలు పీకేస్తుందేమోనని భయపడ్డాను కానీ, నీళ్లు పోస్తూనే ఉంది.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు వదిన సన్నటి దండ ఒకటి కట్టి తెచ్చింది. గ్రిల్ ముందు నిలబడి పట్టుకునే ఉంది తప్ప వెయ్యలేదు. చివరికి తలుపు తీసుకుని లోపల కూర్చుని, దండ ఒళ్లో పెట్టుకుని, పోనీమంది. ఎక్కడికని అడిగితే కిందికెళ్లి పైకి రమ్మంది.

కొత్త రోడ్డు మీదుగా దిగాను. తిరిగి వచ్చేటప్పుడు పాత రోడ్డే ఎక్కమంది. ఘాట్ మొదలైన దగ్గర్నుంచీ సూది ఎక్కడుందని అడుగుతూనే ఉంది. మధ్యలోనే ఉంది వదినా అంటూనే ఉన్నాను. అన్నయ్య ఆగిన మలుపు, ఆ ఇనప రెయిలింగ్ కనపడగానే నా కాలు దానంతట అదే ఆక్సిలరేటర్ మీంచి లేచింది. వదిన దండని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఆగకు," అంది. "ఇంటికి పోనీ."