ఖాదర్ భాయ్ దాచిన బోల్టు

2022 మే నెల. రియాద్ సనాయ్యాలో, అంటే కార్ఖానాల పేటలో, నేను పనిచేసే షెడ్డుకు ఖాదర్ భాయ్ ఒక పాత కారు తెచ్చాడు. ఆయనది రాయచోటి. ఇరవై రెండేళ్లుగా ఒకే ఇంట్లో డ్రైవరు. కారుదీ అక్కడ ఇంచుమించు అంతే సర్వీసు. యజమాని పోయాక ఆయన భార్య, ఖాదర్ భాయ్ మాటల్లో పెద్ద మేడమ్, ఇంకే బండీ ఎక్కనని పట్టుబట్టింది. ఇంకోసారి ఇంజిన్ వేడెక్కితే మాత్రం దాన్ని తష్లీహ్‌కు, అంటే తుక్కు యార్డుకు, పంపేస్తానని కొడుకు తేల్చి చెప్పాడు. ఖాదర్ భాయ్‌కి ఫైనల్ ఎగ్జిట్, అంటే కొలువు ముగించి ఇంటికి పోయే ఆఖరి వీసా, పడింది, గురువారం విమానం. ఆయన వచ్చింది సోమవారం. వెళ్లేలోగా బండిని బాగుచేయించి ఆవిడకు అప్పగించాలని ఆయన తాపత్రయం.

కారుతున్నది వాటర్ పంప్. ఇంజిన్ చల్లబడేలా నీళ్లను తిప్పే భాగం అది. ఐదు బోల్టులు విప్పితే ఊడొస్తుంది. నాలుగు బుద్ధిగా వచ్చాయి. ఐదోదాని తల మిగతావాటిలా లేదు, చుట్టూ ఏదో నల్లగా గట్టిపడి ఉంది. ఇదివరకే ఎవరో చెయ్యి పెట్టారని అర్థమైంది.

మా మెకానిక్‌లకు ఒక జబ్బుంది. బానెట్ ఎత్తగానే ముందు పనిచేసినవాణ్ణి తిట్టాలి. అప్పుడే మన పనితనం పెరిగినట్టు లెక్క. జగిత్యాలలో నాకు పని నేర్పిన ఉస్తాద్ అలాగే తిట్టేవాడు, ఇక్కడి పాకిస్తానీలూ తిడతారు. నేనేమీ తక్కువ తినలేదు.

"ఏ గాడిద పెట్టిండు భాయ్ ఈ బోల్టు? వాని చేతులిరగ్గొట్టాలె" అన్నాను.

 ఖాదర్ భాయ్ చాయ్ తెస్తానని బయటికి పోయాడు. నేను పానాకు పొడుగు పైపు తొడిగి బలమంతా పెట్టి లాగాను. బోల్టు టక్కున తెగింది. పై సగం నా చేతికొచ్చింది, కింది సగం అల్యూమినియం బ్లాకులోనే ఉండిపోయింది. దాన్ని తొలిచేటప్పుడు డ్రిల్లు కాస్త పక్కకు జారినా బ్లాకు పాడవుతుంది. అప్పుడిక బండి తుక్కుకే.

ఆయన చాయ్ కప్పులతో వచ్చి, తెగిన ముక్కను చూసి స్టూలు మీద కూలబడ్డాడు. నేను డ్రిల్లు అందుకుంటుంటే ఆపాడు.

"మల్లేశా, ఆ గాడిదను నేనే."

ఆరేళ్ల కిందట యజమానిని, మేడమ్‌ను మక్కాలో ఉమ్రా యాత్ర చేయించి తీసుకొస్తుంటే తాయిఫ్ దాటాక పంప్ దగ్గర నీళ్లు కారాయట. బిగిద్దామని తిప్పితే లోపలి మరలే అరిగిపోయాయి. డిక్కీలో దొరికిన వేరే బోల్టుకు రెండు ట్యూబుల జిగురు కలిపి పూసి, దూర్చి, అది ఆరేదాకా నాలుగు గంటలు ఎండలో కాపలా కాశాడు. జిగురు సంగతి యజమానికి తెలిస్తే పని పోతుందని నోరు విప్పలేదు.

"ముందే చెప్తే అయిపోతుండె గదా భాయ్."

"నువ్వట్ల తిడతాంటే యాడ చెప్పేది?"

నాకు సిగ్గేసింది. జిగురుతో అంటించిన బోల్టుకు బలం అక్కర్లేదు, వేడి కావాలి. ముందే తెలిసుంటే గ్యాస్ టార్చ్ మంటతో కాసేపు కాచి వేళ్లతో తిప్పినట్టు తీసేవాణ్ణి. ఇప్పుడు విరిగిన ముక్క మీద ఒక నట్టును వెల్డింగ్ చేశాను. ఆ వేడికి జిగురు మెత్తబడింది. పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోతే మొత్తం ఊడొచ్చింది. అరిగిన రంధ్రంలో హెలికాయిల్, అంటే కొత్త మరల్లా పనిచేసే స్టీలు తీగచుట్ట, దించి కొత్త పంప్ బిగించాను. బుధవారం మిట్టమధ్యాహ్నం ఏసీ వేసి రెండు గంటలు తిప్పాం. టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే నిలిచింది.

గురువారం ఖాదర్ భాయ్ ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. ఆ కారులోనే పెద్ద మేడమ్ స్వయంగా దింపడానికి వచ్చిందట. దారిలో ఆవిడకు నిజం చెప్పేశాడు. ఆవిడ నవ్విందట. ఆ రోజు తను అంతా చూస్తూనే ఉందట. "మనకోసం ఎండలో నిలబడ్డాడు, ఏమీ అనొద్దు" అని భర్తను ఆపింది తనేనట. అది చెబుతూ ఆయన ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

పాత రిపేర్లు ఇప్పటికీ రోజూ కనిపిస్తాయి, నోట్లో తిట్టు ఇప్పటికీ ఊరుతుంది. మింగేసి, "ఎవరు చేసిండో గానీ, బండిని ఇల్లు చేర్చిండు" అంటాను. పక్కన నిలబడ్డ మనిషి కాసేపు నసిగి, ఏ జిగురు పూశాడో తనే చెబుతాడు.