వదులైన తాయెత్తు

నాన్నకు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి, మేం కృష్ణా జిల్లా నుంచి దిగిన రెండో ఏడు అమ్మ మాట్లాడటం మానేసింది. నొప్పి లేదు, జ్వరం లేదు. పొద్దస్తమానం గోడవైపు తిరిగి కూర్చునేది.

పక్కింటి అవ్వ సంగారెడ్డి నుంచి తాయెత్తు తెప్పించి అమ్మ నడుముకు బిగించి కట్టింది. "గాలి సోకింది. తాడు వదులైతే గాలి పోతున్నట్టే. జెర సూస్తుండు బిడ్డా," అంది నాతో.

రోజూ వేలు దూర్చి చూసేదాన్ని. మొదట ఒక వేలు పట్టింది, తర్వాత రెండు. పిడికిలి పట్టిన రోజు, బుద్ధిలేనిదాన్ని, ఇంట్లో గంతులేశాను.

నొప్పి మొదలయ్యాక తీసుకెళ్తే, పట్నం డాక్టరు కడుపులో క్యాన్సర్ అన్నాడు. నొప్పికి ముందొచ్చిన ఆ దిగులే తొలి గుర్తు కావచ్చన్నాడు.

అమ్మకు చివరి స్నానం చేయిస్తూ తాడు విప్పబోయాను. ముడి విప్పకుండానే జారి చేతికొచ్చింది.