బీరువా రంగు వదిలించిన వేసవి

పెళ్లయిన కొత్తలో మావారికి అశ్వారావుపేటలో గుమాస్తా ఉద్యోగం. కిరాయి ఇంట్లో కాపురం పెట్టాం. కారేపల్లి నుంచి అత్తమ్మ మాకు సామాన్లతో పాటు, మామయ్య చేయించిన చెక్క బీరువాను ట్రాక్టర్ మీద పంపించింది. మామయ్య అప్పటికే పోయారు. నేను ఆయన్ని చూడలేదు కానీ ఆయన నీతి గురించి వినని రోజు లేదు. పక్కవాడి చేలో రాలిన మామిడికాయను కూడా ముట్టని మనిషట. మావారు ఏదైనా తప్పు చేసినా, చేయకపోయినా ఆ మామిడికాయ ప్రస్తావన వచ్చేది.

బీరువాకు ముదురు ఆకుపచ్చ రంగు. అక్కడక్కడ పెచ్చులూడి, వానకు నానిన సర్కారు బడి తలుపులా ఉండేది. ఇంట్లో దొరికే వస్తువులతోనే చెక్క మీది పాత రంగు వదిలించవచ్చని మావారు ఏదో వారపత్రికలో చదివారు. అచ్చులో వచ్చిన మాట మీద ఆయనకు అపారమైన నమ్మకం. ఆ నమ్మకానికి కావలసిన సరుకులన్నీ నా వంటింట్లోంచే వెళ్లేవి.

మొదటి ఆదివారం నిమ్మకాయా ఉప్పూ. బీరువాను పెరట్లోకి జరిపి మధ్యాహ్నం దాకా రుద్దారు. దుమ్ము వదిలింది, రంగు కదల్లేదు.

"ఏందండీ, ఇది బీరువానా, పులిహోరనా?" అన్నాను.

"నవ్వకు. సైన్సంటే ఓపిక ఉండాలె," అన్నారాయన.

ఆ మరుసటి వారం చింతపండు. ఇత్తడి బిందెను మెరిపించేది బీరువాను ఎందుకు మెరిపించదని ఆయన వాదన. బీరువా మెరవలేదు కానీ ఊళ్లో చీమలన్నీ మా పెరట్లో బారులు తీరాయి. ఆ తర్వాత కిరసనాయిలు ప్రయోగం. అది అయ్యాక స్టవ్వులో చుక్క లేక, కోటా వచ్చేదాకా అటుకులు తిన్నాం. పత్రిక మీద మాత్రం ఆయన ఈగ వాలనిచ్చేవారు కాదు.

చివరికి బట్టల సోడా, తడి సున్నం కలిపి జావలా చేసి దట్టంగా పట్టించి, పైన తడిపిన గోనెసంచులు కప్పారు. సాయంత్రం సంచి ఎత్తితే ఆకుపచ్చ రంగు పాల మీద మీగడలా ముడతలు పడి ఉంది. అట్లకాడ పెట్టి తోస్తే ఊడి వచ్చింది. నా అట్లకాడే. దాని కింద నీలం, నీలం కింద ఎర్ర రంగు.

"మా నాయనకు రంగులంటే ఎంత ఇష్టమో చూడు," అని ఆయన కళ్లు తడిచేసుకున్నారు. అందులో సున్నం వాటా ఎంతో నాకు తెలియదు. అరచేతులు మాత్రం పొక్కి, వారమంతా చెంచాతో అన్నం తిన్నారు.

చివరి పొర పోయాక సున్నం ఘాటు విరగడానికి చింతపండు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కొబ్బరినూనె రుద్దాం. లోపలి నుంచి తేనె రంగు చెక్క బయటపడింది. సన్నని గీతలు అలలు అలలుగా ఉన్నాయి. అసలైన టేకు.

"గింత మంచి టేకు మీద మామయ్య రంగు ఎందుకేసిండు?" అని అడిగాను.

"ఆడంబరం ఇష్టం లేని మనిషి," అన్నారాయన గర్వంగా.

ఆ మాట అన్నాక కొన్నాళ్లకే అత్తమ్మ మమ్మల్ని చూడటానికి వచ్చింది. చేతిలో సంచి దించకుండానే పెరట్లో బీరువాను చూసి నిలబడిపోయింది.

"ఎవడు తీయమన్నడురా దీని రంగు?"

"నేనే తీసిన అమ్మా. చూడు, అసలు టేకు."

"టేకని నాకు తెల్వదా. ఆ దుంగలు బండిల ఏసి, మీద వరిగడ్డి కప్పి తెచ్చిన నాడు గడ్డి మీద పండుకున్నది నేనే. నాకు నొప్పులొస్తున్నయని మీ నాయన చెక్‌పోస్టు కాడ మొత్తుకున్నడు. వాళ్లు జల్దీ పోనిచ్చిండ్రు."

మావారు బీరువా మీద వేసిన చెయ్యి తీసేశారు.

"నొప్పులు అబద్ధం గానీ కడుపు నిజమే. కడుపుల ఉన్నది నువ్వే," అంది అత్తమ్మ.

ఫారెస్టు వాళ్లు ఊళ్లో ఇండ్లు వెతకడానికి వస్తున్నారని తెలిసినప్పుడల్లా మామయ్య ఒక పూత వేసేవారట. పుట్టకముందే దొంగ కర్రకు కాపలా వచ్చానని తెలిసిన మావారు వెళ్లి అరుగు మీద కూర్చున్నారు.

"మరి ఆ మామిడికాయ సంగతేంది అత్తమ్మా?" అన్నాను ఉండబట్టలేక.

"మామిడికాయ పక్కోనిది. అడివి ఎవనిదే?" అంది ఆమె శాంతంగా, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ.

మా ఎదురింట్లో ఫారెస్టు గార్డు ఉండేవాడు. బీరువాను లోపలికి జరపడానికి మేం ముగ్గురం ఆయాసపడుతుంటే, సాయం చేయడానికి తనే వచ్చాడు. చెక్కను బొటనవేలితో నిమిరాడు.

"టేకేనా సార్?"

"కాదు. నల్లమద్ది," అన్నారు మావారు.

"గింత నున్నటి నల్లమద్ది నా సర్వీసుల చూడలే," అన్నాడు గార్డు. ఇంకోసారి చెక్కను నిమిరి, "వానలొస్తున్నయి సార్. ఉత్త చెక్క ఉబ్బుతది. మా ఇంట్ల గూడ ఇసొంటి నల్లమద్ది బీరువానే ఉన్నది. దానికేసిన రంగు అర డబ్బా మిగిలింది, పంపిస్త," అన్నాడు.

డబ్బా మూత తీస్తే ముదురు ఆకుపచ్చ. ఆ సాయంత్రమే మావారూ గార్డూ చెరో తలుపూ పంచుకుని రంగు వేశారు. అత్తమ్మ పీట మీద కూర్చుని, మూలలు వదిలేశారని ఇద్దరికీ చూపించింది. నేను ముగ్గురికీ టీ పెట్టాను.

అత్తమ్మ వెళ్లేటప్పుడు కొడుకును దగ్గరికి పిలిచి, మంచి పని చేసినవ్ బిడ్డా అని తల నిమిరింది. ఆయన సిగ్గుపడ్డారు. ఆఫీసులో మాత్రం, చెక్కకు రంగు ఎంత రక్షో చాలాకాలం అందరికీ చెప్పుకొచ్చారు. ఆ మాటలు విని, ఇద్దరు ముగ్గురు పెద్ద ఉద్యోగులు తమ ఇళ్లలోని బీరువాలకూ ఆకుపచ్చ రంగు వేయించారు.