ఎదురెళ్ళే మనిషి

మా మావయ్య గురువారం తెల్లవారుజామున రేపల్లెలో నిద్రలోనే పోయారు. బాధపడకుండా పోయారని వచ్చినవాళ్ళంతా నన్ను ఓదార్చారు. నాకు మాత్రం ముందురోజు ఆయన్ని నేనన్న మాటే గుర్తొస్తూ ఉంది.

ఆయన ఢిల్లీలో ఓడల గురించీ విమానాల గురించీ విదేశాలతో ఒప్పందాలు కుదిర్చే ఆఫీసులో పనిచేశారు. రిటైరై వచ్చాక ఒక వింత అలవాటు పట్టుకుంది. ఎవరు ఊరెళ్తున్నా సాగనంపడానికి కదిలేవారు కాదు. ఓడ ఉద్యోగాల నుంచి మన వైపు వాళ్ళెవరైనా తిరిగొస్తుంటే మాత్రం, బాపట్లయినా తెనాలయినా, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని స్టేషనుకి వెళ్ళేవారు. "సాగనంపడానికి ఊరంతా వస్తుందిరా. ఎదురెళ్ళేవాళ్ళే ఉండరు" అనేవారు.

కారణం ఒక్కసారే చెప్పారు. ఒక దేశంతో ఒప్పందం రాసేటప్పుడు, యజమాని ఓడని వదిలేసి పోతే అందులోవాళ్ళని ఇంటికి ఎవరు చేర్చాలన్నది తేలలేదట. "వచ్చే సమావేశంలో చూద్దామన్నారు. నాకు విమానం టైమైంది. సరేనని సంతకం పెట్టేశాను." ఆ సమావేశం ఇక జరగనేలేదు.

మా ఎదురింటి అమ్మాయి భర్త సరిగ్గా ఆ దేశపు రేవులోనే చిక్కుకుపోయాడు. యజమాని మాయమయ్యాడు, రేవువాళ్ళు ఓడ దిగనివ్వరు. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య" అని ఆ యజమానిని తిడుతూ, మావయ్య పాత ఆఫీసువాళ్ళందరికీ ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఆ అమ్మాయి ఎదురైతే తలెత్తేవారు కాదు. చివరికి ఓడ దిగడానికి అనుమతీ, విమానం టికెట్టూ వచ్చాయి.

బుధవారం సాయంత్రం, "రేపు తెనాలిలో రైలు మారతాడట. నన్ను తీసుకెళ్తావురా?" అన్నారు.

ఎండలో అంత దూరం పోవడానికి బద్ధకించాను. "మీరు సంతకం పెట్టిన ఓడలన్నిటికీ మీరే ఎదురెళ్ళాలా మావయ్యా? అతనికి ఇల్లు తెలీదా ఏంటి?" అన్నాను. రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఇస్త్రీకి ఇద్దామని తీసిన చొక్కాని ఆయన మళ్ళీ కొక్కేనికి తగిలించారు.

మర్నాడు ఆయన్ని వరండాలో పడుకోబెట్టి, ఆయన కూతురు రావాలని అందరూ ఎదురుచూస్తుంటే, నేను తెనాలి వెళ్ళాను. ప్రయాణంలో ఉన్నవాడికి చావుకబురు చెప్పరు మావాళ్ళు. ఎదురింటివాళ్ళు అతనికి చెప్పలేదు, నన్నూ చెప్పొద్దన్నారు.

చిక్కి సగమై దిగాడు. నా వెనక ఎవరికోసమో చూశాడు.

"బాబాయిగారు రాలేదాండి? వస్తానన్నారే."

"ఇంటి దగ్గరే ఉన్నారు."

"ఎండ కదండి, ఎలా వస్తార్లెండి" అని తనే నాకు సర్దిచెప్పాడు. తువ్వాలు నా చేతికిచ్చి, ప్లాట్‌ఫాం కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. సంచీలోంచి ఉతికిన చొక్కా తీసి తొడుక్కుని, ముడతలు అరచేత్తో సాపు చేసుకుని, తల దువ్వుకున్నాడు.

"పదండి. ముందు ఆయనకి కనపడి, తర్వాతే ఇంటికెళ్తాను."