పడమటి గోడ

రేపల్లె ఊరి చివర ఒక రిటైర్డ్ నర్సుగారికి నేను ఇల్లు కట్టాను. తెనాలిలో నా ఆఫీసుకి ఆమే వెతుక్కుంటూ వచ్చారు. బట్టీలో కాల్చని ఇటుకలతో, తక్కువ సిమెంటుతో, వేసవిలో చల్లగా ఉండే ఇల్లు కావాలన్నారు. అన్నాళ్లూ అపార్ట్‌మెంట్ల ప్లాన్లు గీసి విసిగిపోయిన నాకు ప్రాణం లేచొచ్చింది. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, యంత్రంతో నొక్కించి, ఇటుకలు అక్కడే చేయించాను. బాపట్లలో ఉండే ఆమె తమ్ముడు మాత్రం వచ్చినప్పుడల్లా గోడని గోటితో గీకి చూసేవాడు.

ఆ ఇటుకల్ని నాలుగు వారాలు తడుపుతూ నీడలో ఉంచాలి. చివరి విడతకి రెండు వారాలే ఇచ్చాను. వానలు ముంచుకొస్తున్నాయి, ఈలోపు కప్పు పడాలని తొందర. ఆ ఇటుకలన్నీ పడమటి గోడకే వెళ్లాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆమె గృహప్రవేశం చేసిన రెండు నెలలకి తుఫాను హెచ్చరిక వచ్చింది. నాకు కాలు నిలవలేదు. గోడ చూసి సాయంత్రానికి తిరిగొచ్చేద్దామని పొద్దున్నే రైలెక్కాను. నేను చేరిన గంటకే గాలివాన అందుకుంది. మధ్యాహ్నానికి రైళ్లు ఆపేశారు. వీధిలో మోకాలి లోతు నీళ్లు. ఇక ఆ ఇంట్లో మేమిద్దరమే.

జల్లు పడమటి వైపు నుంచే కొట్టింది. కిటికీ రెక్క తెరిచి చూస్తే గోడ మీంచి బురద నీళ్లు దిగుతున్నాయి.

"అక్కా, ఆ ఇంట్లోంచి బయటికొచ్చెయ్!" ఫోన్‌లో తమ్ముడి అరుపు నాకూ వినపడింది.

"ఎక్కడికి రమ్మంటావురా? గుమ్మం దిగితే నీళ్లు." ఆమె ఫోన్ పెట్టేసి నావైపు తిరిగారు. "ఏంటమ్మా, అలా ఉన్నావు? నిలుస్తుందా, లేదా?"

"నిలుస్తుందండి."

ఆ మాట అనేసి ఇల్లంతా తిరిగాను. నేను గీసిన గదులే, నేను పెట్టించిన తలుపులే. ఎటు తిరిగినా ఆ గోడే కనిపిస్తోంది. ఆమె మంచం దానికే ఆనుకుని ఉంది. ఆమె వెళ్లి మంచం మీద కూర్చోబోతుంటే ఇక ఉండబట్టలేకపోయాను.

"పిన్నిగారూ, ఆ గోడ ఇటుకలు సరిగ్గా గట్టిపడకముందే పెట్టించానండి. తెలిసే చేశాను."

ఆమె తిట్టలేదు. "మంచం ఆ కొస పట్టుకో" అన్నారు. మంచం, బియ్యం డబ్బా, గ్యాస్ పొయ్యి తూర్పు గదిలోకి చేర్చాం. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. ఉప్మా చేసి ప్లేటు నా ముందు పెట్టారు, అంతే. రెండు రోజులు ఆ ఒక్క గదిలోనే ఉన్నాం. బయట ఏదైనా జారిపడ్డ చప్పుడైతే ఇద్దరం ఒకేసారి లేచేవాళ్లం.

మూడో రోజు తెరిపిచ్చింది. గోడ నిలిచింది. కానీ అడుగున నాలుగు వరసలు బయటివైపు రెండు వేళ్ల లోతున కరిగిపోయాయి. ఆమె ఆ గుంటలో చెయ్యి పెట్టి చూసి, అప్పుడు అన్నారు:

"ఇంకో రెండు వారాలు ఆగమంటే ఆగేదాన్ని కాదా? నేను మట్టిని నమ్మలేదమ్మా, నిన్ను నమ్మాను."

సిమెంటు ఇటుకలతో కట్టించమని తమ్ముడు పట్టుబట్టినా ఆమె ఒప్పుకోలేదు. కప్పుకి ఊతాలు పెట్టి, గోడ విప్పి, కొత్త ఇటుకలు చేయించాను. నాలుగు వారాలూ వాటిమీద ఆమే నీళ్లు చల్లారు. నేను వెళ్తే కుర్చీ వరండాలోనే వేసేవారు. గోడ పూర్తయ్యాక కూడా లోపలికి రమ్మనలేదు.

ఈమధ్య కొల్లిపర నుంచి ఒకాయన ఇలాంటి ఇల్లే కావాలని, త్వరగా అవ్వాలని వచ్చారు. ఆయనకి జరిగిందంతా దాచకుండా చెప్పాను. "ఆలోచించుకుని ఫోన్ చేస్తానండి" అన్నారు. ఇంకా చేయలేదు.